గడియారము మనది, కాలము పరులదా?

ఒక జాతి తన గడియారమును తాను సరిచూచుకొనజాలక, తప్పు గంటకు మేల్కొని తప్పు గంటకు దస్తావేజులు వ్రాసికొనుచున్నచో, ఆ జాతి వ్యవహారము లెంత ఘనముగా సాగుచున్నను వానియం దొక లోపము మిగిలియే యుండును. ఇది యేదో ఉపన్యాస వేదికమీది మాటయని పాఠకులు తలపకుందురు గాక. మేము చెప్పబోవునది నిత్యవ్యవహారమునకు సంబంధించిన మాట. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో అంగడి బల్లమీదను, కచేరీలోను, ప్లీడరు గదిలోను నున్న కంప్యూటరు తెరమీద, క్రింది మూలను కనుపడు చిన్న గడియారమును గుఱించిన మాట. అది తఱచుగా తప్పు నడచుచున్నది. ఇంటర్నెట్టు కాలముతో సరిచూచుకొమ్మని మీట నొక్కినచో సాధ్యపడలేదని బదులు చెప్పుచున్నది. మనము "పోనిండు" అని యూరకుండుచున్నాము. ఈ యూరకుండుటయే మా విమర్శకు విషయము.

గడియారము తప్పినంత మాత్రమున మునిగిపోయినదేమి, గోడకు గడియారము లేదా, చేతిలో సెల్‌ఫోను లేదా అని యడుగువారు కలరు. వారికి మా ప్రత్యుత్తరమిది. గోడ గడియారము తప్పినచో దానిని చూచినవాడే మోసపోవును. కంప్యూటరు గడియారము తప్పినచో ఆ తప్పు అది పుట్టించిన ప్రతి పత్రముమీదను ముద్రపడును. రసీదుమీది గంట తప్పు, పంపిన ఉత్తరము గంట తప్పు, దాచిన దస్త్రము తేదీ తప్పు. అంతటితో ఆగదు. బ్యాంకు వెబ్‌సైటును తెరువబోగా ఇది సురక్షితము గాదని బ్రౌజరు అడ్డుపడును. ఏలయన సురక్షితమైన ప్రతి వెబ్‌సైటునకును ఒక ధ్రువపత్రముండును. ఆ పత్రము ఫలానా తేదీ మొదలు ఫలానా తేదీ వఱకు మాత్రమే చెల్లును. కంప్యూటరు తన గడియారమును చూచియే ఆ గడువును నిర్ణయించుకొనును. తాను 2015వ సంవత్సరములోనే యున్నానని యంత్రము తలచుచున్నచో నేటి పత్రము ఇంకను పుట్టలేదని తీర్పు చెప్పును. ముప్పది సెకనుల కొకసారి మాఱునట్టి రహస్య సంఖ్యలును గడియారము నాధారము చేసికొని లెక్కింపబడునవే. రెండు వైపుల గడియారములును కలియకున్న ఆ సంఖ్య చెల్లదు. రుసుము చెల్లింపవచ్చిన విద్యార్థి నెట్టు సెంటరులో గంటసేపు కూర్చుండి, నెట్టు బాగులేదనుకొని వెనుదిరుగును. బాగులేనిది నెట్టు కాదు, గడియారము.

న్యాయవాద వృత్తిలో నున్న మాకు ఈ విషయము మఱింత బాధ కలిగించుచున్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 13వ సెక్షను ఎలక్ట్రానిక్ పత్రము ఎప్పుడు పంపబడినట్లు, ఎప్పుడు అందినట్లు భావింపవలయునో చెప్పుచున్నది. పంపినవాని చేయి దాటి మఱియొక కంప్యూటరు వ్యవస్థలో ప్రవేశించిన క్షణమే పంపిన క్షణము. అందుకొనువాడు నిర్ణయించిన వ్యవస్థలో ప్రవేశించిన క్షణమే అందిన క్షణము. పక్షములు వేఱుగా ఒడంబడినగాని ఇదియే నియమము. గడువు దినమున రాత్రి దావా పత్రము నంపుచున్న ప్లీడరు గుమాస్తా తన తెరమీద పదునొకండు గంటల ఏబదియైదు నిమిషములని చూచి నిశ్చింతగా నున్నాడనుకొందము. ఆ గడియారము ఎనిమిది నిమిషములు వెనుకబడి యున్నచో అవతలి సర్వరులో అప్పటికే తేదీ మాఱిపోయినది. కక్షిదారుని హక్కు గుమాస్తా గడియారముతో పాటు వెనుకబడిపోయినది.

సాక్ష్యము మాట మఱియు కఠినమైనది. పూర్వపు 1872 సంవత్సరపు సాక్ష్య చట్టములోని 65బి సెక్షను స్థానమున, 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోని 63వ సెక్షను ఇప్పుడు నడచుచున్నది. ఎలక్ట్రానిక్ పత్రమును కోర్టులో దాఖలు చేయువాడు, ఆ కాలమున యంత్రము సరిగా పనిచేయుచుండెననియో, చేయకున్నను ఆ లోపము పత్రములోని విషయముల యథార్థతను చెఱుపలేదనియో చూపవలయును. అంగడిలోని కెమెరా రికార్డు చూపి "దొంగ ఈ గంటకు వచ్చెను" అని వాదించునపుడు ఎదుటి ప్లీడరు అడుగగల మొదటి ప్రశ్న ఏమి? "అయ్యా, తమ యంత్రము గడియారము ఆ దినమున సరిగా నుండెనా?" సాక్షి నీళ్లు నమలినచో సగము కేసు అక్కడనే సడలును. నిజము చెప్పినవాడు గడియారము మూలమున అబద్ధీకునివలె నిలువబడుట కంటె విచారకర మేమున్నది?

ఇక రోగమును నిదానింతము. కంప్యూటరులో గడియారములు రెండు కలవని చాలమంది యెఱుగరు. ఒకటి మదర్‌బోర్డుమీద నున్న చిన్న స్ఫటికము. అది సెకనునకు 32,768 మాఱులు కంపించుచు, యంత్రము ఆర్పివేసి యున్నపుడును నాణెము వంటి మూడు వోల్టుల చిన్న బ్యాటరీ బలముతో కాలమును లెక్కించుచుండును. రెండవది యంత్రము వెలుగగానే విండోస్ మొదలగు వ్యవస్థ ఆ స్ఫటికము నడిగి తెలిసికొని, అటుపైని తానుగా నడుపుకొను గడియారము. చౌక స్ఫటికము దినమునకు ఒకటి రెండు సెకనులు తప్పుట సహజము. సంవత్సరము గడచునప్పటికి అది పది నిమిషములు కావచ్చును. కావుననే యంత్రము అప్పుడప్పుడు ఇంటర్నెట్టుమీద తనకంటె గొప్ప గడియారము నొకదాని నడిగి తన్ను సరిదిద్దుకొనవలయును. ఈ ప్రశ్నోత్తరములకు ఏర్పడిన పద్ధతిని 1985లో అమెరికాకు చెందిన డేవిడ్ మిల్స్ ప్రకటించెను. ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు పట్టిన కాలమును కూడ లెక్కలోనికి తీసికొని సరిదిద్దుటయే అందలి నేర్పు.

ఈ సరిదిద్దుట జరుగనపుడు మనవారు చేయు మొదటి పని గడియారమును చేతితో త్రిప్పుట. రెండవ పని మఱునాడు మరల త్రిప్పుట. వైద్యుడు నాడి చూడకయే మందిచ్చుట యెట్టిదో ఇదియు నట్టిదే. గడియారపు రోగమునకును నాడి యున్నది. తేడా యెంత యున్నదో చూచుటయే ఆ నాడి.

తేడా పదుమూడున్నర గంటలుగానో, వేసవిలో పండ్రెండున్నర గంటలుగానో ఉన్నచో యంత్రము పసిఫిక్ తీరపు అమెరికా కాలమును చూపుచున్నదని తెలియవలయును. క్రొత్తగా విండోస్ వేసినవాడు దేశము నెన్నుకొనక వదలివేసినచో ఇట్లు జరుగును. తేడా సరిగా అరగంట యైనచో ఎవరో తొందరపాటున ప్రక్కదేశపు కాలమును ఎన్నుకొనినారు. ఇస్లామాబాదు మనకు అరగంట వెనుక, ఢాకా అరగంట ముందు. తేడా సరిగా అయిదున్నర గంటలైనచో రెండు కారణములుండవచ్చును: గ్రీనిచి వద్ద మొదలగు ప్రపంచ కాలమునే యంత్రము మన కాలముగా చూపుచుండవచ్చును, లేక ఒకే యంత్రములో విండోసును, లినక్సును కాపురము చేయుచుండవచ్చును. లినక్సు స్ఫటికమునందు ప్రపంచ కాలమును వ్రాయును. విండోసు దానిని స్థానిక కాలమని చదువును. ఇద్దఱు గుమాస్తాలు ఒకే పుస్తకమును వేర్వేఱు లెక్కలలో వ్రాసినట్లే. ఈ మూడు రోగములలోను ఎన్ని మాఱులు గంటను త్రిప్పినను ఫలము లేదు. టైమ్‌జోన్ పట్టికలో చెన్నై, కోల్‌కత, ముంబై, న్యూఢిల్లీ అను నాలుగు పేర్లున్న వరుసను ఎన్నుకొనుటయే మందు. రెండు వ్యవస్థల కాపురమైనచో లినక్సునకు స్థానిక కాలమునే వ్రాయుమని ఆజ్ఞాపింపవలయును.

తేడా గంటలు కాక సంవత్సరములైనచో, ప్రతి ఉదయమును యంత్రము వెలిగింపగానే ఎప్పటిదో పాత తేదీ కనుపడుచున్నచో, బ్యాటరీ మరణించినదని యెఱుంగునది. ఆ నాణెపు బ్యాటరీ చౌక వస్తువు. మాఱ్చుట చిన్న పని. ఇందులో ఒక మెలిక కలదు. దానిని తెలియకనే అనేకులు విసిగిపోవుచున్నారు. విండోస్ గడియారము తన కాలమునకును ఇంటర్నెట్టు చెప్పిన కాలమునకును తేడా పదునైదు గంటలు మించినచో, సాధారణముగా ఆ సవరణను స్వీకరింపదు. అంత పెద్ద తేడాను చూచి, చెప్పువాడే తప్పు చెప్పుచున్నాడేమోయని యనుమానించును. కావున బ్యాటరీ మాఱ్చిన పిదప తేదీని, గంటను మొదట చేతితో సుమారుగా సరిచేసి, అటుపైని సరిచూచుకొమ్మని మీట నొక్కవలయును. ఈ వరుస తప్పినచో నూఱు మాఱులు నొక్కినను ఒకే జవాబు వచ్చును.

తేడా కొద్ది నిమిషములు మాత్రమే యైనచో స్ఫటికము తన స్వభావము ననుసరించి జారుచున్నది, దానిని సరిదిద్దువాడు రావుట లేదని యర్థము. అప్పుడు చూడవలసినవి రెండు. మొదటిది, యంత్రములోని 'విండోస్ టైమ్' అను సేవ నడచుచున్నదా లేక ఆగి యున్నదా? సర్వీసుల పట్టికలో దానిని చూచి, ఆగియున్నచో నడిపించి, యంత్రముతో పాటు తానుగా మొదలగునట్లు అమర్పవలయును. రెండవది, బయటికి దారి యున్నదా? కాలమును గుఱించిన ప్రశ్నలు 123వ సంఖ్య గల ద్వారముగుండా పోవును. కచేరీలలోను, కళాశాలలలోను భద్రతకొఱకు పెట్టిన ఫైర్‌వాల్ ఆ ద్వారమును మూసివేసి యుండవచ్చును. వెబ్‌సైటులన్నియు తెఱచుకొనుచున్నవి గదా, కాలము మాత్రమే ఏల రాదని ఆశ్చర్యపడువారు దీనిని గుర్తుంచుకొనవలయును. వెబ్‌సైటుల ద్వారము వేఱు, కాలపు ద్వారము వేఱు.

యంత్రము ఎవరివద్దనుండి కాలమును గైకొనుచున్నదో అది తానే చెప్పును. కమాండ్ ప్రాంప్టు తెఱచి డబ్ల్యు32టిఎం అను ఆజ్ఞతో స్థితి నడిగినచో 'సోర్స్' అను వరుసలో ఒక పేరు కనుపడును. అచ్చట 'లోకల్ సీమాస్ క్లాక్' అని యున్నచో యంత్రము ఎవరినీ అడుగకుండ తన స్ఫటికమునే నమ్ముకొని యున్నదని యర్థము. సర్వరు పేరున్నచో కాలము అందుచున్నదని యర్థము. ఒక హెచ్చరిక: బ్యాంకులలోను, పెద్ద కచేరీలలోను కంప్యూటరులు తమ సంస్థయొక్క ముఖ్య సర్వరునుండియే కాలమును గైకొనును. అట్టిచోట్ల గుమాస్తా స్వతంత్రించి మార్పులు చేయరాదు. ముఖ్య సర్వరు గడియారమునే సరిచూపింపవలయును. పై గడియారము తప్పినచో క్రిందివన్నియు కలసికట్టుగా తప్పును. కలసికట్టుగా తప్పినవానిలో ఏ యొక్కటియు తప్పుగా కనుపడదు. అదియే అపాయము.

ఇంతవఱకు చెప్పినది యంత్రము మాట. ఇక, ఎవరి నడుగవలయును అను ప్రశ్న మిగిలియున్నది. విండోస్ కంప్యూటరు మనము మాఱ్పనంతవఱకు మైక్రోసాఫ్టు సర్వరునే అడుగును. ఆండ్రాయిడ్ ఫోనులకు గూగుల్ సర్వరు కలదు. మన ఊరి గంట తెలిసికొనుటకు పరదేశపు వ్యాపార సంస్థను అడుగుట మన కలవాటైపోయినది. అడుగుచున్నామని కూడ మన మెఱుగము.

కాలమును గుఱించి ఈ ప్రాంతమునకు క్రొత్త చరిత్ర లేదు. 1802లో ఈస్టిండియా కంపెనీ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన గోల్డింగ్‌హామ్ మద్రాసు వేధశాలనుండి మద్రాసు కాలమును నిర్ణయించెను. అది గ్రీనిచికి 5 గంటల 21 నిమిషములు ముందుండెను. పిదప రైళ్లు వచ్చినవి. బొంబాయి కాలము, కలకత్తా కాలము, మద్రాసు కాలము వేఱువేఱుగా నున్నచో బండ్లు నడువనేరవు గనుక మధ్యస్థమైన మద్రాసు కాలమునే రైల్వేలు చాల ప్రాంతములలో పాటించినవి. 1906 జనవరి 1వ తేదీనుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము నాధారము చేసికొని ఇండియా ప్రామాణిక కాలము ఏర్పడెను. ఆ రేఖ మీర్జాపురము చెంతగా దిగివచ్చి, మన తుని ప్రాంతమును, కాకినాడ తూర్పుదిక్కును తాకి సముద్రములో దిగును. నాటి ప్రభుత్వము ప్రజల నడిగి చేసిన మార్పు కాదు గనుక బొంబాయి మిల్లు కార్మికులు అలజడి చేసిరి. ఆ నగరము చిరకాలము తన స్థానిక కాలమునే పాటించెను. కలకత్తా 1948 వఱకు తన కాలమును విడువలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 నుండి 1945 వఱకు, దేశమంతటను గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పించిరి. పరుల యుద్ధమునకు మన సూర్యోదయమును జరిపిరి.

పంచాంగము చూచు అలవాటు గల పాఠకులకు మఱియొక లెక్క రుచించును. భూమి నాలుగు నిమిషముల కొక డిగ్రీ తిరుగును. ప్రామాణిక రేఖనుండి లెక్కించినచో రేపల్లె సహజ కాలము దేశకాలమునకు సుమారు ఆఱు నిమిషముల నలుబది సెకనులు, తెనాలి ఏడున్నర నిమిషములు, బాపట్ల ఎనిమిది నిమిషములు వెనుకబడును. రేపల్లె మధ్యాహ్నమునకును బాపట్ల మధ్యాహ్నమునకును నడుమ దాదాపు నిమిషమున్నర తేడా కలదు. అయినను రేపల్లెనుండి వచ్చు బండి తెనాలి జంక్షనులో పెద్దలైను బండిని అందుకొనుచున్నదన్న, మూడు ఊళ్లును తమ తమ సూర్యునకు నమస్కరించుచునే ఒకే గడియారమునకు ఒడంబడుటచేత గదా! ఒక్క కాలమనునది ప్రకృతి యిచ్చినది కాదు. జనులు పరస్పర విశ్వాసముతో చేసికొనిన ఒడంబడిక. ఆ ఒడంబడికను కాపాడువా డొకడుండవలయును.

స్వతంత్ర భారతమున ఆ కాపాడువాడు కలడు. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు 1947 జనవరి 4వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1950 జనవరి 21వ తేదీన సర్దార్ వల్లభభాయి పటేలు దానిని ప్రారంభించెను. నేడు మన దేశకాలమునకు అధికార స్థానమదియే. అచ్చట సీసియము గడియారములును, హైడ్రోజన్ మేజరులును కాలమును నిలుపుచున్నవి. 1967లో అంతర్జాతీయముగా ఒప్పుకొనిన నిర్వచనము ప్రకారము సీసియము అణువుయొక్క 9,192,631,770 కంపనములే ఒక సెకను. ఆ కాలము ఇంటర్నెట్టుమీద ఎల్లరకును లభించునట్లు టైమ్ డాట్ ఎన్‌పిఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జి అను సర్వరు కలదు. జాతీయ సూచనా విజ్ఞాన కేంద్రము, అనగా ఎన్ఐసి, నడుపు సమయ్1 డాట్ ఎన్ఐసి డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసి డాట్ ఇన్ అను సర్వరులును కలవు. కంట్రోల్ పానెల్‌లో తేదీ గంటల పుటలోని 'ఇంటర్నెట్ టైమ్' అను భాగమున పాత పేరును తుడిచి వీనిలో నొకదానిని వ్రాయుట రెండు నిమిషముల పని. దానికి రుసుము లేదు.

ఇది అభిమానము మాట మాత్రమే కాదు, ఆజ్ఞ కూడ. 2022 ఏప్రిల్ 28వ తేదీన కేంద్ర ప్రభుత్వమునకు చెందిన సెర్ట్-ఇన్ అను సైబరు భద్రతా సంస్థ, ప్రభుత్వ కార్యాలయములును, కంపెనీలును, డేటా కేంద్రములును, ఇంటర్నెట్టు సేవలందించువారును తమ కంప్యూటరు వ్యవస్థల గడియారములను ఎన్ఐసి లేక జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వరులతోనో, వానిని ఆధారముగా గొన్న సర్వరులతోనో కలుపవలయునని ఆదేశించెను. అనేక దేశములలో యంత్రములు గలవారు వేఱు సర్వరులను వాడవచ్చునుగాని ఆ కాలము మన కాలమునుండి తప్పరాదని షరతు పెట్టెను. 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ, న్యాయ, వాణిజ్య, పరిపాలన వ్యవహారములన్నిట భారత ప్రామాణిక కాలమునే పాటింపవలయునని చెప్పు నిబంధనల ముసాయిదాను ప్రకటించి ప్రజాభిప్రాయమును కోరెను. అహమ్మదాబాదు, బెంగుళూరు, భువనేశ్వరము, ఫరీదాబాదు, గౌహతి నగరములలోని ప్రమాణ ప్రయోగశాలలనుండి ఈ కాలమును పంచిపెట్టు పథకమును కలదు. తూకపు రాళ్లకు ముద్ర వేయు శాఖయే కాలమునకును ముద్ర వేయబూనుట మాకెంతయు సమంజసముగా తోచుచున్నది. శేరుకు తక్కువ తూచినవాడు దోషియైనపుడు నిమిషమునకు తక్కువ లెక్కించినవాడు మాత్రము ఎట్లు నిర్దోషి?

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. పరదేశపు సర్వరులును అదే ప్రపంచ కాలమును చెప్పుచున్నవి గదా, వానియందు తప్పేమియని మొదటి ఆక్షేపణ. తప్పున్నదని మేమనుట లేదు. సామాన్యుని పనికి రెంటికిని తేడా కానరాదు; ఆ సంస్థలు మనలను మోసగించుచున్నవని చెప్పుట అసత్యమగును. మా వాదము వేఱు. రేపు కోర్టులో "ఈ గంట నీవెక్కడనుండి తెచ్చితివి?" అని యడిగినపుడు, "నా దేశపు ప్రమాణ గడియారమునుండి" అని చెప్పగలవానికి ఆధారపు గొలుసు తెగదు. ఆ గొలుసు చివరి కొక్కెము మన చట్టమునకు లోబడిన చోట నుండవలయును. పరులు సత్యము చెప్పుచున్నారనుట వేఱు. వారు సత్యము చెప్పవలసినదే యని అడుగు అధికారము మనకుండుట వేఱు. తేడా ఇంతయే, కాని స్వాతంత్ర్యమనగా ఈ తేడాయే గదా.

ఢిల్లీ సర్వరు ఒక దినమున పలుకకున్నచో ఏమి చేయుదుమని రెండవ ఆక్షేపణ. ఇది న్యాయమైనది. ఒక్క దీపముమీద ఊరంతయు ఆధారపడరాదు. కావున మీట నొక్కిన మొదటిసారి జవాబు రాకున్న నిరాశపడి విడిచిపెట్టక, ప్రయోగశాల సర్వరును, ఎన్ఐసి సర్వరులను మార్చి మార్చి ప్రయత్నింపవలయును. అంతకంటె ముఖ్యముగా ప్రభుత్వము ఈ సర్వరుల సంఖ్యను పెంచి, ప్రజలకు చేరువ చేయవలయును. ఆజ్ఞ యిచ్చిన చేయి సౌకర్యమును కూడ ఇయ్యవలయును. త్రోవ వేయక బండి నడుపుమనుట పరిపాలన కాదు.

ఇప్పుడు మా కోరికలను స్పష్టముగా విన్నవించుచున్నాము. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లా కార్యాలయములును, అందు చేరిన రేపల్లె కార్యాలయములును, గుంటూరు జిల్లాలో నిలిచిన తెనాలి కార్యాలయములును తమ ప్రతి కంప్యూటరు గడియారమును దేశకాలముతో కలిపియున్నవా యని వారమున కొకమాఱు తనిఖీ చేసి ఒక చిట్టాలో వ్రాయవలయును. ఆ చిట్టా పెద్ద పని కాదు. కాని ఒక దినమున కోర్టులో అది వేయి మాటల పెట్టు. ప్రజలకు సేవలందించు కేంద్రములవారును, నెట్టు సెంటరులవారును తమ యంత్రముల బ్యాటరీలను కనిపెట్టి యుండవలయును. విద్యార్థి కాలము వారి నిర్లక్ష్యమునకు మూల్యము కారాదు. కెమెరాలు పెట్టుకొనిన వర్తకులు ఆ యంత్రములోని గడియారమును కూడ ఇంటర్నెట్టు కాలముతో కలిపించుకొనవలయును. కలుపని కెమెరా కన్నులుండియు నాలుక తడబడు సాక్షి వంటిది. మా న్యాయవాద సోదరులకు ప్రత్యేకముగా మనవి: గడువు దినమును గుమాస్తా తెరమీది గంటకు వదలివేయకుడు. పఠనాలయములలో కంప్యూటరులున్నచోట యువకులు ఈ పనిని ఒక పూట నేర్చి పదిమందికి నేర్పుదురు గాక.

ఈ పనిలో వీరత్వము లేదని కొందఱు నవ్వవచ్చును. ఉపన్యాసములకు చప్పట్లు వచ్చును. గడియారము సరిచేసినవానికి రావు. కాని దేశమనునది పెద్ద మాటలలో కంటె చిన్న ఒడంబడికలలోనే ఎక్కువగా జీవించుచుండును. తూకము నిజము, నాణెము నిజము, గంట నిజము అయిన బజారులో పరదేశియు నిర్భయముగా బేరమాడును. ఈ మూటిలో ఒకటి అబద్ధమైనచో స్వదేశియు అనుమానముతోనే కొనును. మన తూకములను మనము ముద్రవేసికొనుచున్నాము. మన నాణెమును మనము కొట్టుకొనుచున్నాము. మన గంటను కొలుచు అధికారమును సంపాదించుకొనియు, దానిని అడుగుటకు సోమరిపోతులమై యుండుట మాత్రము తగదు.

కావున పాఠకులారా, యంత్రము సరిచూచుకొనలేకపోతినని చెప్పినపుడు పోనిండని యూరకుండకుడు. తేడా యెంతయో చూడుడు, బ్యాటరీ, టైమ్‌జోన్, సేవ, ద్వారము, సర్వరు అను వరుస తప్పక పరీక్షింపుడు, అడుగవలసినవారిని అడుగుడు. కచేరీలో తప్పు గడియారము కనుపడినచో మర్యాదగా చెప్పుడు, వినకున్న అర్జీ వ్రాయుడు. అర్జీమీద వేసిన తేదీయు గంటయు మాత్రము సరిగా నుండునట్లు చూచుకొనుడు.